మా పెద్దమ్మని తడి కట్టెల మీద పెట్టాం

నిన్న సాయంత్రం మా పెద్దమ్మని సాగనంపి వచ్చాం. రెండుసార్లు తలస్నానం చేసినా చేతులకి డీజిల్ వాసన పోలేదు. రాత్రంతా నిద్ర లేదు. ఆ కోపంలోనే రాస్తున్నాను, మాట తూలితే క్షమించండి.

పెద్దమ్మకి 81 ఏళ్ళు. కిందటేడే చెప్పింది, "నన్ను కరెంటు మిషన్లో పెట్టెయ్యండిరా, కట్టెలకి డబ్బులు తగలెయ్యకండి" అని. అందుకే పొద్దున్నే అన్నయ్య మున్సిపల్ శ్మశానానికి ఫోన్ చేశాడు. మిషన్ పనిచేస్తోంది, తీసుకురండి అన్నారు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలిచి, నాలుగున్నరకి చేరాం. అప్పటికే ముసురు పట్టింది.

మిషన్ పక్కన గోడకున్న మీటర్లో 380 దగ్గర అంకె ఆగిపోయింది. కనీసం 800 డిగ్రీలకి అటూఇటూ రావాలి. "పొద్దున ఒకటి అయింది సార్. రెండోదానికి వేడెక్కట్లేదు, ఎడం పక్క కాయిల్స్ పోయాయి" అన్నాడు ఆపరేటర్. తలుపెత్తి చూపించాడు. ఎత్తే మోటార్ ఎప్పుడో పోయింది, గొలుసులో ఇనప రాడ్డు దూర్చి ఇద్దరు లాగితే గాని లేవట్లేదు. లోపల ఒక గోడ ఎర్రగా ఉంది, రెండోది నల్లగా ఉంది. అడుగున ఇటుకలు పెచ్చులూడిపోయాయి, ఆ సందుల్లో బూడిద. గట్టిగా ఊడిస్తే ఇటుకే ఊడొస్తుందట, అందుకని పైపైన ఊడుస్తారట. అంటే ఒక ఇంటి మనిషి బూడిదలో ఇంకో ఇంటి మనిషి బూడిద కలుస్తోంది. మనం దాన్ని ముంతలో పోసుకుని, ఎర్రగుడ్డ కట్టి, గోదావరికి తీసుకెళ్తున్నాం. ఈ మాట విన్నాక నాకు కాళ్ళలో సత్తువ లేకుండా పోయింది.

ఇక గత్యంతరం లేక కట్టెలు. మామూలుగానే ఒక చితికి నాలుగైదు క్వింటాళ్ళు కావాలి. వానకి తడిసినవి ఇంకా ఎక్కువ పడతాయి, అయినా అంటుకోవు. అన్నయ్యకి 60 దాటాయి, గుండెకి స్టెంటు వేసి ఉంది. తలకొరివి పెట్టిన మనిషి గంటన్నర సేపు ఆ పొగలో నిలబడి డీజిల్ పోస్తూనే ఉన్నాడు. నేను డబ్బా అందిస్తూనే ఉన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన టైరు ముక్కలు వేస్తే తొందరగా అంటుకుంటుందన్నాడు. మా అమ్మ తోడబుట్టిన మనిషి మీద టైరు ముక్కలు! వద్దని అరిచాను. పాపం ఆయన మంచికే చెప్పాడు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మిషన్ పాతబడటం ఎవరి తప్పూ కాదు. కొలిమి లోపలి ఇటుక రోజూ వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కితే పగులుతుంది. కాయిల్స్ కాలిపోతాయి. చిమ్నీ తుప్పు పడుతుంది. ఇవన్నీ పెట్టిన రోజునే తెలిసిన సంగతులు. ఫలానా ఏడు కాయిల్స్ మార్చాలి, ఫలానా ఏడు ఇటుక మార్చాలి, ఆ తర్వాత మిషనే మార్చాలి అని బడ్జెట్లో ఒక లైను రాసుకుంటే చాలు. ఆ లైను లేదు గాని, గేటుకి కొత్త ఆర్చి వచ్చింది. శివుడి విగ్రహం వచ్చింది. ప్రారంభోత్సవం చేసుకోవడానికి వీలున్నవన్నీ వచ్చాయి. కాయిల్‌కి రిబ్బన్ కట్టి కత్తిరించలేరు కదా, అందుకే దానికి డబ్బు దొరకదు.

"జనం కట్టెలే అడుగుతున్నారండీ" అన్నాడు ఆఫీసాయన ఫోన్లో. మిషన్ మీద నమ్మకం లేక అడుగుతున్నారు! పాడె ఎత్తాక మధ్యలో ఆగిపోతే ఎక్కడికి వెళ్తారు? కరెంటుది నడపలేకపోతే గ్యాస్‌ది పెట్టండి, చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఇది మనం చెయ్యిచాపి అడుక్కునే దానం కాదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో, 12వ షెడ్యూల్ 14వ అంశంగా శ్మశానాలతో పాటు ఎలక్ట్రిక్ దహనవాటికల్ని కూడా పేరు పెట్టి రాశారు. మున్సిపాలిటీలు చూసుకోవాల్సిన పనుల్లో అదొకటి. రాజ్యాంగం రాసిన మాట వీళ్ళకి పట్టదా?

అసలు ఆ మిషన్ నడుం విరిగింది 2021లో, కరోనా అప్పుడు. నాకు బాగా గుర్తు, మే నెల. మా బాబాయిని పెట్టడానికి టోకెన్ తీసుకుని రాత్రి రెండింటి దాకా రోడ్డు మీద కూర్చున్నాం. మా ముందు పదహారు మంది. కవర్ మీద స్కెచ్ పెన్నుతో పేరు రాశారు, చెమటకో వానకో సగం చెరిగిపోయింది. మాలో ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అదే ఆపరేటర్, ఒళ్ళంతా కప్పే ఆ పీపీఈ కిట్టు వేసుకుని, అంత ఎండల్లో, ఆ కొలిమి ముందు. నెల రోజులు దాన్ని చల్లారనివ్వలేదని నిన్న చెప్పాడు. సూరత్‌లో ఏకధాటిగా వాడి గ్యాస్ కొలిముల ఇనప చట్రాలు కరిగిపోయాయని అప్పుడు పేపర్లో చదివాం. మన మిషనూ అంతే పనిచేసింది. ఆ తర్వాత దాన్ని విప్పి చూసినవాళ్ళు లేరు.

ఆ ఆపరేటర్‌ని అసలు పట్టించుకోలేదు. ఇప్పటికీ ఔట్‌సోర్సింగే. రెండు నెలల జీతం రావాలట. చేతులకి గ్లౌజులు లేవు, పాత గోనె చుట్టుకుని ఆ రాడ్డు పట్టుకుంటున్నాడు. మా బాబాయికి సొంత కొడుకు చెయ్యలేని పని ఆ రాత్రి అతను చేశాడు. నిన్న మా ముందు చేతులు కట్టుకుని "క్షమించండి సార్" అంటున్నాడు. అతను ఎందుకు క్షమించమనాలి? ఆ మాట అనాల్సినవాళ్ళు ఒక్కరూ శ్మశానం గడప తొక్కలేదు.

ఇవాళ పొద్దున అస్థికలకి వెళ్ళాం. పైన కట్టెలు సగం కాలి అలాగే ఉన్నాయి. అన్నయ్య వంగి కర్రతో కదుపుతుంటే గేటు దగ్గర ఇంకో వ్యాన్ ఆగింది. వాళ్ళకీ మిషన్ పనిచేస్తోందనే చెప్పారట.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాను. కాయిల్స్, ఇటుక, తలుపు మోటార్, ఆపరేటర్ జీతం, అన్నీ రాశాను. మన ఊళ్ళో ఎవరినైనా ఆ మిషన్ దగ్గర్నుంచి కట్టెల మీదకి పంపి ఉంటే, ఏ రోజో తేదీ నాకు మెసేజ్ పెట్టండి. పేర్లు అక్కర్లేదు. తేదీలన్నీ వరసగా రాసి అర్జీకి జత చేస్తాను. మొదటి తేదీ నిన్నటిది.