బ్రోచరుపురంలో వాన పడదు

గోదావరి డెల్టాలో కొత్తగా ఒక మహానగరం వెలిసింది. పేపరు తెప్పించుకునే వాళ్లందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆదివారం పేపరు విప్పగానే మధ్యలోంచి జారిపడే ఎనిమిది పేజీల నున్నటి ప్లాట్ల బ్రోచరు మీద ఉంటుందా నగరం. ఇంకెక్కడా ఉండదు. దాని పేరు సగం ఇటలీ, సగం సంస్కృతం. ఇక్కడ రాస్తే ఊరికే ప్రచారం చేసిపెట్టినట్టవుతుంది కాబట్టి మనం బ్రోచరుపురం అనుకుందాం.

మహానగరం గురించి రాయడానికి ఒక పద్ధతి ఉంది. కావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలన్నారు మన పెద్దలు. నగరం, సముద్రం, పర్వతం అంటూ మొదలవుతుంది ఆ వరస. బ్రోచరు వేసినవాడు ఈ శాస్త్రం చదువుకున్నవాడే అయ్యుండాలి. లేకపోతే కోనసీమ నడిబొడ్డున నగరం కట్టి, దానికి ఉత్తరాన మంచుకొండలు ఎందుకు పెడతాడు? ఊరు మొత్తం ఒక్క చూపులో చూడాలంటే ఏటిగట్టు ఎక్కాల్సిన నేల ఇది. మాకు అంతకు మించిన ఎత్తు లేదు. సముద్రమంటారా, ఉంది, కాదనను, చాలా కిలోమీటర్ల అవతల. బొమ్మలో మాత్రం క్లబ్‌హౌస్ మెట్లకే అలలు కొడుతున్నాయి. రాజమండ్రి దగ్గరి మధురపూడి ఎయిర్‌పోర్టుకు ముప్పావు గంట అని కూడా వేశారు. రావులపాలెం సెంటరు మీదుగా ఒక్కసారి వెళ్లినవాడెవడూ ఆ మాట రాయడు.

కొండకూ సముద్రానికీ మధ్య, నగరం మధ్యలోంచి నీలం రంగు నది ఒకటి పారుతోంది. అందులో కొమ్ము తిరిగిన నల్ల పడవ. పడవలో చారల చొక్కా, గడ్డి టోపీ పెట్టుకున్న దొర తెడ్డు వేస్తున్నాడు. ఆ నదిని నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. అది మురుగుబోదె. గుర్రపుడెక్క పట్టి, మధ్యలో తూడు పెరిగి, అయినా వాన పడినప్పుడు చుట్టుపక్కల చేలలో నీరంతా లాక్కుని పెద్ద డ్రెయిన్‌లోకి దింపే బోదె. దాంట్లో పడవ నడపాలంటే దొర ముందు పంచె ఎగ్గట్టుకుని కత్తితో దిగాలి.

ఆ పడవ, ఆ దొర ఇటలీలోని వెనిస్ నగరానివి. అసలు వెనిస్ సంగతి వీళ్లకెవరూ చెప్పినట్టు లేదు. ఉప్పునీటి కయ్యలో, బురదలోకి చెక్క దుంగలు దిగేసి వాటి మీద కట్టుకున్న ఊరది. 1966 నవంబరు 4న అక్కడ నీరు 194 సెంటీమీటర్ల ఎత్తుకు లేచింది. ఆ దెబ్బకు దశాబ్దాలపాటు తలలు పట్టుకుని, చివరికి సముద్రం లోపలికొచ్చే దారుల్లో లేచి పడే గేట్లు బిగించుకున్నారు. 2020 అక్టోబరులో మొదటిసారి వాటిని లేపి పోటునీటిని ఆపారు. ఆ ఊరివాడికి పొద్దున లేస్తే నీళ్ల లెక్కే. మనవాళ్లు అక్కడ్నుంచి పడవ తెచ్చుకున్నారు, టోపీ తెచ్చుకున్నారు, ఆ భయం మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

ఇక కట్టడాలు. నగరంలో పూర్తయిన కట్టడం ఒక్కటే, ఆర్చి. డెల్టాలో ఏ నగరమైనా ఆర్చితోనే పుడుతుంది. చాలావాటికి అదే ఆఖరి కట్టడం కూడా. రెండు ట్రాక్టర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన పుంత మీద, తిరునాళ్ల రథం దూరేంత ఆర్చి లేపారు. నాలుగు రోమన్ స్తంభాలు, వాటి మీద రెండు సింహాలు, సింహాల మధ్య రెక్కల గుర్రం, గుర్రం కింద సిమెంటు కలశం, కలశంలో సిమెంటు మామిడాకులు. మేస్త్రీకి కుడివైపు సింహానికి మాత్రమే ఫొటో ఇచ్చినట్టున్నారు. ఎడమవైపుది అచ్చం మా వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర పడుకునే కుక్క. రాత్రిళ్లు దాని కళ్లలో ఎర్రలైట్లు వెలుగుతాయి. పక్క ఊరి గేదెలు ఆ దారిన రావడం మానేశాయి.

ఆర్చి దాటగానే రెండు వైపులా విదేశీ పామ్ చెట్లు. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ జాగా కొబ్బరితోట. కాపు మీదున్న చెట్లు. వాటిని నరికించి, మోట్లు పీకించి, లారీకెత్తించి పంపేసి, కడియం నర్సరీల నుంచి ఈ పామ్ చెట్లు దింపించారు. కోనసీమలో కొబ్బరిచెట్టు కొట్టేసి, కొబ్బరిచెట్టులా ఉండి కాయ కాయని చెట్టు డబ్బిచ్చి కొనుక్కొచ్చారు! ఒక్కోదానికి మూడేసి సరుగుడు కర్రలు ఊత పెట్టారు, గాలికి పడిపోకుండా. ఏ గాలికి? 1996 నవంబరు 6 రాత్రి వీచిన గాలికి ఇక్కడ తోటలకు తోటలే నేల మీద పడుకున్నాయి. ఆ కర్రలకు కట్టిన పురికొస చూశాను. మా ఇంట్లో మల్లెతీగకు ఇంకొంచెం గట్టిది కట్టాం.

నగరంలో వంతెనలకు కొదవ లేదు, ఏడో పేజీలోనే నాలుగున్నాయి. అన్నిటికీ రంగు దీపాలు. గోదావరికి వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునిగి, బడికెళ్లే పిల్లలు, పాలక్యాన్లు, గర్భిణులు అందరూ ఒకే పడవెక్కడం ఈ డెల్టాలోనే కదా చూస్తున్నాం. అది బ్రోచరులోకి రాలేదు. ఫొటోజెనిక్‌గా ఉండదు కాబోలు.

వాతావరణం గురించి రెండు ముక్కలు చాలు. బ్రోచరుపురంలో ఎప్పుడూ సాయంత్రం ఐదున్నరే. ఉక్క లేదు, దోమ లేదు, చెమట పట్టిన మనిషి లేడు. ఎనిమిది పేజీల్లో కరెంటు స్తంభం లేదు, కొళాయి లేదు, శ్మశానం లేదు. ముఖ్యంగా వాన లేదు. అట్ట మీద నీలాకాశం, లోపల నీలాకాశం, ధరల పట్టిక వెనకాల కూడా లేత నీలాకాశం. సైట్ విజిట్ రోజున మార్కెటింగ్ కుర్రాణ్ణి పట్టుకుని అడిగాను, "వాననీళ్లు ఎటు పోతాయి బాబూ?" అని. ఆ కుర్రాడు ఏమాత్రం తడుముకోలేదు. "మనది గేటెడ్ కమ్యూనిటీ కదండీ మేష్టారూ," అన్నాడు. వాన వస్తే గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, ఏ ఫ్లాటుకొచ్చిందో చెప్పి, లోపలి నుంచి ఫోనొచ్చాక రావాలన్నమాట.

నగరమన్నాక పౌరులుండాలి. పేజీలన్నీ తిరగేసి ఓటర్ల జాబితా తయారుచేశాను. పడవ దొర. చేతిలో కాఫీ మగ్గులు పట్టుకున్న దంపతులు. గోల్ఫ్ కర్ర పట్టుకున్న పెద్దాయన. బెలూన్ల పాప. గడ్డి మీద పడుకుని ల్యాప్‌టాప్ చూసుకునే అమ్మాయి. బంగారు రంగు కుక్క. ఆ కుక్క మూడు పేజీల్లో ఉంది, అదే కుక్క, అదే నాలుక. పలుకుబడి గల కుటుంబం అయ్యుండాలి.

ఎంత మహానగరమైనా రికార్డుల్లో ఇంకా పంచాయతీయే కదా, గ్రామసభ పెట్టక తప్పదు. ఊహించుకోండి. కార్యదర్శి గారు రిజిస్టరు చంకన పెట్టుకుని బండి మీద వచ్చారు. పామ్ చెట్టు కింద కుర్చీ వేయించుకున్నారు. నీడ లేదు. కుర్చీ జరిపించారు. ఇంకో పామ్ చెట్టు, దానికీ నీడ లేదు. సరేనని చేతిరుమాలు నెత్తిన వేసుకుని అజెండా విప్పారు. మొదటి అంశం, వాననీరు పోయే మార్గం. సభ్యులంతా నవ్వారు. దంపతులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని నవ్వారు. ల్యాప్‌టాప్ అమ్మాయి ల్యాప్‌టాప్‌ని చూసి నవ్వింది. "1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందండీ, మొన్న 2022 జులైలో కూడా 25 లక్షలు దాటింది," అని కార్యదర్శి గారు గుర్తుచేశారు. మళ్లీ నవ్వారు. కాఫీ మగ్గులోంచి పొగ లేస్తూనే ఉంది, ఎవరూ తాగడం లేదు. "సభ్యులు చిరునవ్వుతో ఆమోదించడమైనది" అని రాసుకుని ఆయన రెండో అంశానికి వెళ్లారు. ఇంటిపన్ను. పడవ దొర పాట ఎత్తుకున్నాడు. మూడో అంశం, చెత్త. ఈ నగరంలో చెత్త పుట్టదని పాప బెలూను పైకెత్తి చూపించింది. నాలుగో అంశం, వీధికుక్కలు. బంగారు కుక్క సభను బహిష్కరించింది. కోరం పోయింది. సభ వాయిదా వేద్దామా వద్దా అని కార్యదర్శి గారు ఆలోచిస్తుండగా, ఎవరో మోకాళ్లదాకా బురదతో, తలపాగాతో, అరచేతిలో తెల్లటిదేదో పట్టుకుని ఆర్చి లోపలికొచ్చారు.

"ఏవండీ, ఈ గుడ్డు తవరిదేనా? మా చేలో పడిందండి."

గోల్ఫ్ పెద్దాయన బంతి అందుకుని నవ్వాడు.

"గుడ్డు సంగతి అలా ఉంచండి. మా చేలో నీరు దిగట్లేదండి. బోదె మీ రోడ్డు కిందికెళ్లిపోయింది. ఓ తూమైనా పెట్టించండి, ఆయ్."

సభలో నవ్వని మనిషి ఆయనొక్కడే. అందువల్ల ఆయన ఈ నగర పౌరుడు కాదని తేలిపోయింది. "మీది పక్క సర్వే నంబరు కదా, ఈ సభలో మాట్లాడకూడదు," అని కార్యదర్శి గారు మెల్లగా చెప్పి పంపించేశారు.

సభ నా కల్పనే. ఆ మనిషి కల్పన కాదు. ఎకరాకు ఇన్ని బస్తాలని మాట ఇచ్చి ఆ చేను కౌలుకు చేస్తున్నాడు.

డెల్టాలో నీళ్ల పని చూడ్డానికి ఇంజినీరు కానక్కర్లేదు. పంటకాలువ మెరక మీద వెళ్తుంది, చేను కిందికి వాలుతుంది, ఆ పల్లంలో మురుగుబోదె ఉంటుంది. బోదె చిన్న డ్రెయిన్‌లో కలుస్తుంది, అది పెద్ద డ్రెయిన్‌లో, అది సముద్రంలో. మొత్తం వాలు చాలా తక్కువ. పోటు వేళ సముద్రం అసలు తీసుకోదు, పాటు కోసం నీరు కాచుక్కూర్చోవాలి. ఇంత సున్నితమైన ఏర్పాటులో ఎక్కడో ఒకచోట నాలుగు టిప్పర్ల కంకర పోస్తే ఏమవుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. వెంచరు మెరక చేశారు, బోదె పూడ్చారు, పైన బ్లాక్‌టాప్ రోడ్డు వేసి దానికి ‘గ్రాండ్ కెనాల్ ఎవెన్యూ’ అని బోర్డు పెట్టారు. నవంబరులో తుపాను పట్టినప్పుడు ప్లాట్ల రాళ్లు తెల్లగా, పొడిగా ఉన్నాయి. వాటి వాటా నీళ్లు కూడా పక్క చేలోనే నిలబడ్డాయి. కోసిన పనలు తేలాయి. కంకుల మీదే మొలకలొచ్చాయి. గింజ చేత్తో నలిపితే పిండిలా సాగింది, వాసన.

నష్టపరిహారం అంటారా. 2019లో కౌలు రైతుల కోసమని చట్టం తెచ్చారు, దాని కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఆ చేను ఆసామి కూడా ఇంకో రెండేళ్లలో ప్లాట్లు వేద్దామని చూస్తున్నాడు, ఆయనెందుకు పెడతాడు సంతకం? ఇక బ్రోచరులో అబద్ధం చెబితే అడగడానికి, స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేసే 2016 నాటి రెరా చట్టం ఉంది. తప్పుడు ప్రకటన నమ్మి కొన్నవాడికి నష్టం చెల్లించాలని దాని 12వ సెక్షన్ చెబుతుంది. కొన్నవాడికి! మంచుకొండ కనిపించలేదని ఏ ఊళ్లోనో ఉన్న ప్లాటు ఓనరు కేసు వేసుకోవచ్చు. పంట కుళ్లిపోయినవాడు ఏమీ కొనలేదు కాబట్టి ఆయనకు ఏ సెక్షనూ లేదు. ఏం న్యాయమండీ ఇది? ఏం పాపం చేశాడని? 2011లో ఇదే కోనసీమలో రైతులు సార్వా వెయ్యం పొమ్మని క్రాప్ హాలిడే ప్రకటించి చేలు బీళ్లుగా వదిలేశారు. ధర లేదని ఒక బాధ, మురుగు దిగడం లేదని ఇంకో బాధ. దేశమంతా వచ్చి చూసి, అయ్యో అని వెళ్లింది. ఆ తర్వాత బోదెలు తవ్వడం పోయి, ఉన్నవి పూడ్చేవాళ్లకు దండలు వేస్తున్నాం.

ఇంకొక్కటి మిగిలింది, అదే నాకు అరగనిది. నాలుగో పేజీలో హెరిటేజ్ ప్లాజా అని ఉంది. దాని మధ్య ఫౌంటెన్, ఫౌంటెన్ పక్కన గుర్రం మీద కాటన్ దొర విగ్రహం. సైటులో దిమ్మ కూడా కట్టేశారు. దిమ్మ కట్టింది ఎక్కడా? పూడ్చిన బోదె మీద. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, ఈ డెల్టాలో చుక్క నీరు ఎటు రావాలో, ఎటు పోవాలో దారి వేసిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని అన్నం తినే జిల్లాలివి. ఆ మనిషిని తీసుకొచ్చి నీళ్ల గొంతు మీద నిలబెడతారా? సిగ్గుండక్కర్లేదా? అన్నట్టు ఆ విగ్రహానికి స్పాన్సర్లు కావాలట, దాతల పేర్లు దిమ్మ మీద చెక్కిస్తారట.

బ్రోచరు ఆఖరి పేజీలో, అడుగున, చీమ కూడా కళ్లజోడు పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, ‘చిత్రాలు ఊహాజనితం’ అని వేశారు. మొత్తం ఎనిమిది పేజీల్లో నిజమైన వాక్యం అదే.

బోదె మాత్రం ఊహాజనితం కాదు. రెవెన్యూ మ్యాపులో ఇప్పటికీ ఉంది. సర్వేయరు గొలుసు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు హద్దులు తేలిపోతాయి. పూడ్చినవాడు ఏ ఫైలూ కదపకుండా రాత్రికి రాత్రే పూడ్చాడు. తవ్వడానికి మాత్రం అర్జీ, ఎండార్స్‌మెంటు, జాయింట్ ఇన్‌స్పెక్షను, వచ్చే సోమవారం గ్రీవెన్సు, ఆ పైవారం గ్రీవెన్సు ఎందుకండీ? వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు, అప్పుడు ఒక పొక్లెయిన్ పంపండి. ఆర్చి అడ్డమొస్తుందంటారా? ఎడమవైపు సింహం దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి.