రెయిడ్ కార్డు బ్యాటరీ గారి అలకపాన్పు

మహారాజశ్రీ రెయిడ్ కార్డు బ్యాటరీ గారికి,

సిస్టమ్ అడ్మిన్లు వ్రాయునది. ఉభయకుశలోపరి.

సర్వర్ మూత కింద కూర్చుని తమరు వెలగబెట్టే ఉద్యోగం ఒక్కటే, పలు డిస్కులను జట్టుగా నడిపే రెయిడ్ కార్డుకి జామీను ఉండడం. డేటాబేస్ ‘రాశావా?’ అని అడుగుతుంది, కార్డు ‘రాసేశాను’ అంటుంది. డిస్కు మీద అప్పటికి ఒక్క అక్షరం పడి ఉండదు. సరుకంతా కార్డు మీది ఒకటో రెండో జీబీల మెమరీలోనే, అంటే క్యాష్‌లోనే, ఉంటుంది. ఈ అబద్ధానికి పెట్టిన మర్యాదైన పేరు రైట్ బ్యాక్. కరెంటు పోతే ఆ మెమరీని, మోడల్‌ను బట్టి 24 నుంచి 72 గంటలు, బతికించే పూచీ తమరిది.

అంత పెద్ద బాధ్యత గనక తమకు అలకా పెద్దదే. నెలకో మూడు నెలలకో లెర్న్ సైకిల్ అని అలకపాన్పు ఎక్కుతారు. ఒంట్లో ఛార్జంతా వదిలేసి, మళ్లీ నింపుకుని, సత్తా ఎంత మిగిలిందో కొలుచుకుంటారు. కొన్ని గంటల పని. కొలుచుకోండి, వద్దనం. కానీ గడువు లెక్క కిందటి సైకిల్ నుంచి నడుస్తుంది కాబట్టి, ముహూర్తం ఒక్కోసారి సోమవారం పట్టపగలు 11 గంటలకు పడుతుంది. తమరు పాన్పు దిగేదాకా చాలా పాత కార్డులు చడీచప్పుడు లేకుండా రైట్ త్రూలోకి, అంటే డిస్కు మీద నిజంగా రాశాకే ‘రాసేశాను’ అనే పద్ధతిలోకి, జారుకుంటాయి.

అప్పుడు చూడాలి తమాషా! 7200 ఆర్పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. ఒకదాని వెనక ఒకటి వచ్చే కమిట్లు (డేటాబేస్ ఖాయం చేసే రాతలు) సెకనుకు 120 దాటడం కష్టం. రెయిడ్ 5 అయితే మరీ అన్యాయం: చిన్న రాతకి కూడా పాత డేటా చదవాలి, పాత పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి కట్టే లెక్క) చదవాలి, కొత్తవి రెండూ రాయాలి. డెవలపర్లు క్వెరీలను తిడతారు, నెట్‌వర్క్ వాళ్లు స్విచ్చులు తడుముతారు. తమరి పేరు ఎవరి నోటా రాదు.

కార్డు సంగతులు అడిగే కమాండ్ మెగాసీఎల్‌ఐ మాత్రం నిజమే చెబుతుంది. ‘డిఫాల్ట్ క్యాష్ పాలసీ: రైట్‌బ్యాక్’ అన్న వరుస చూసి అందరూ హాయిగా నిట్టూరుస్తారు. దాని కింది వరుసలో ‘కరెంట్ క్యాష్ పాలసీ: రైట్‌త్రూ’ అని ఉంటుంది. (ఆ కరెంట్ విద్యుత్తు కాదండీ, ప్రస్తుతం అని.) కొత్త బ్యాటరీ వేసిన రోజూ ఇంతే. అది నిండేదాకా కింది వరుస మారదు, కంగారుపడి మళ్లీ మూత విప్పనక్కర్లేదు.

ఇంతలో ఒక మేధావి దిగుతాడు. అలాంటిదే మరో కమాండ్ స్టోర్‌సీఎల్‌ఐలో రైట్ క్యాష్‌కి డబ్ల్యూబీ బదులు ఏడబ్ల్యూబీ, అంటే ఆల్వేస్ రైట్ బ్యాక్, కొడతాడు. డేటాబేస్ లేచి పరుగెడుతుంది, మేధావికి శాలువా కప్పుతారు. జామీనుదారు ఉన్నా పోయినా అప్పు ఇస్తూనే ఉండు అన్నాడని ఎవరికీ తట్టదు. ‘యూపీఎస్ ఉందిగా’ అంటారు. సర్వర్ లోపలి పవర్ సప్లై కాలినా, ఎవరో కేబుల్ పీకినా యూపీఎస్ ఏం చేస్తుంది? ‘రాసేశాను’ అన్న కమిట్లు గాల్లో కలుస్తాయి. ఫైల్ సిస్టమ్ జర్నల్‌కీ (మార్పుల చిట్టాకీ) డిస్కుకీ పొత్తు కుదరదు. తమరి అలకతో పోయేది వేగమే. మేధావి తెలివితో పోయేది డేటా.

తమరి తమ్ముడు సూపర్ కెపాసిటర్‌కి ఈ రాద్ధాంతం తక్కువ. కరెంటు పోగానే క్యాష్‌ని ఫ్లాష్‌లోకి దించేదాకా ఊపిరి బిగపడితే చాలు, 72 గంటల లెక్కే లేదు. ఇక ఎస్ఎస్‌డీల అర్రేలకు (జట్లకు) రైట్ త్రూ, నో రీడ్ అహెడ్, డైరెక్ట్ ఐఓ పెట్టమనే, అంటే కార్డు క్యాష్‌ని దాదాపు పక్కన పెట్టమనే, సలహా తరచూ వినిపిస్తోంది. తమరి దర్జా ఎన్నాళ్లో చూసుకోండి.

అందాకా మా విన్నపం ఇది. ఆటో లెర్న్ ఆపి, ఆదివారం రాత్రి 2 గంటలకు లెర్న్ మొదలయ్యేలా క్రాన్‌లో (వేళకి పనులు నడిపే ప్రోగ్రాంలో) పెట్టాం, నెలకోసారి. ఆటో ఆపేసి క్రాన్ మరిచిపోతే తమరి సత్తా ఎవరికీ తెలియదు గనక రెండూ ఒకే పూట చేశాం. ముహూర్తం తప్పకుండా అలగగలరు.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: డిస్కుల్లో వాటి సొంత క్యాష్ ఉంటుంది, దానికి తమరి పూచీ లేదు. కనుక డిస్క్ క్యాష్ ఆఫ్ చేశాం. మరో మాట, తమరి పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జి ఎంత శాతం చూపించినా మార్చేస్తాం. ఏమీ అనుకోవద్దు.