ప్రశ్న అడగడం నేర్చిన హెడ్మాస్టర్లు కావాలి

గోదావరి జిల్లాల్లో స్కూల్ అసిస్టెంట్లుగా ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారు సీనియారిటీ జాబితాలో తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు. పదోన్నతి ఉత్తర్వు అందిన రోజే హైస్కూలు తాళాలు, క్యాష్ బుక్కు, మధ్యాహ్న భోజనం లెక్కలు, సిబ్బంది సెలవు చీటీలు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఈ బాధ్యతకు వారిని సిద్ధం చేసేవి శాఖాపరమైన పరీక్షలు. ఈవోటీ, జీవోటీ అనే ఆ పరీక్షలు పాసైతే సర్వీసు నిబంధనలు తెలుస్తాయి, బిల్లు ఎలా పెట్టాలో తెలుస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు భాగహారం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో తెలుసుకోవడం ఎలాగన్నది మాత్రం ఆ పరీక్షల్లో దొరకదు. అది నేర్పేది చర్యాత్మక పరిశోధన. టీచర్లు యాక్షన్ రీసెర్చ్ అనే అంటారు. రేపు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబోయేవారు తాము ఇప్పుడు పనిచేస్తున్న బడిలోనే దాన్ని చేసి నేర్చుకోవాలి. అందుకు వీలు కల్పించాల్సింది విద్యాశాఖే.

ఈ మాట వినగానే చాలామందికి బీఈడీ రికార్డు గుర్తొస్తుంది. సమస్య, లక్ష్యాలు, పరికల్పన, ముగింపు అని శీర్షికలు పెట్టి, పై బ్యాచ్ వాళ్ల పుస్తకం పక్కన పెట్టుకుని రాసేసిన రికార్డులు తక్కువేమీ కాదు. చివరి పేజీలో ‘విద్యార్థుల సామర్థ్యం మెరుగుపడింది’ అనే ఉంటుంది. ఇందుకు కుర్ర టీచర్లను తప్పుపట్టలేం. మార్కులు రికార్డుకు వేస్తుంటే వాళ్లు రికార్డే తయారు చేస్తారు. సర్వీసులో ఇరవై ఏళ్లు గడిచాక అదే మనిషికి అదే పద్ధతి ఎంత అవసరమో గుర్తుచేసేవారు లేకపోవడమే మమ్మల్ని బాధిస్తోంది.

ఈ పద్ధతి బడిలో పుట్టింది కాదు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసంతో దీనికి పేరు స్థిరపడింది. అంతకుముందు, యుద్ధకాలపు మాంసం కొరత రోజుల్లో ఆయన గృహిణులతో ఒక ప్రయోగం చేశారు. వారికి అలవాటు లేని గుండె, మూత్రపిండాల వంటి మాంసాన్ని వండించడం ఎలా అన్నది సమస్య. ఉపన్యాసం విని ఇంటికి వెళ్లినవారిలో 3 శాతం మంది వండారు. తమలో తాము చర్చించుకుని, తామే నిర్ణయం తీసుకున్నవారిలో 32 శాతం మంది వండారు. తల్లిదండ్రుల సమావేశంలో మైకు ముందు గంటసేపు మాట్లాడే ప్రతి హెడ్మాస్టరూ ఈ రెండు అంకెల గురించి ఆలోచించాలి. 1953లో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ ఈ పద్ధతిని బడుల్లోకి తెచ్చారు. సమస్య ఉన్నచోటే, ఆ సమస్యతో రోజూ సతమతమయ్యేవారే ఒక మార్పు చేసి, ఏం జరిగిందో గమనించి, రాసుకుని, మళ్లీ మార్చి చూడటం. ఇంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో చూద్దాం. గోదావరి పాయ ఒడ్డున ఒక హైస్కూలు ఉందనుకుందాం. నది మధ్యలోని లంకల నుంచి కొందరు పిల్లలు పడవ దాటి వస్తారు. ‘లంక పిల్లలకు లెక్కలు రావు’ అన్న మాట స్టాఫ్ రూములో ఏళ్లుగా వినిపిస్తుంటుంది. హెడ్మాస్టరు కాబోతున్న ఒక టీచరు ఆ మాటను అలాగే నమ్మేయకుండా హాజరు పట్టీ తీసి, పొద్దున ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో నెల రోజులు రాసి చూస్తారు. ఎనిమిదో తరగతికి రోజూ మొదటి పీరియడ్ లెక్కలే. పొద్దున బుర్ర చురుగ్గా ఉంటుందని ఎప్పుడో ఎవరో వేసిన టైమ్ టేబుల్ అది. లంక పిల్లలు గుమ్మంలోకి వచ్చేసరికి బోర్డు మీద లెక్క సగం అయిపోయి ఉంటుంది. కొందరు మెల్లగా వెనక బెంచీలో కూర్చుని, పక్కవాడి నోటుబుక్కులో జవాబు మాత్రం ఎక్కించుకుంటారు. వారంలో మూడు రోజులు లెక్కలను మూడో పీరియడ్‌కు మార్చి, ఆరు వారాల తర్వాత అవే పిల్లలకు చిన్న పరీక్ష పెడితే కొందరు ముందుకొస్తారు. కొందరు అక్కడే ఉంటారు.

అసలు పని అక్కడే మొదలవుతుంది. ఆ మిగిలినవాళ్లు ఎవరని చూస్తే ఎక్కువమంది ఆడపిల్లలే కావచ్చు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎందరో తల్లులు కువైట్, మస్కట్ వంటిచోట్లకు ఇంటిపనికి వెళ్తున్న సంగతి మనకు తెలిసిందే. ఇంట్లో అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. అంగన్‌వాడీ తెరిచేదాకా చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని కూర్చోవాల్సింది పదమూడేళ్ల అక్కే. ఆ పిల్ల ఆలస్యానికి పడవతో సంబంధం లేదు, టైమ్ టేబుల్ ఎంత మార్చినా తీరదు. అంగన్‌వాడీ టీచరుతోనూ, ఆ అమ్మమ్మతోనూ కూర్చుని మాట్లాడాలి. 1874లోనే ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టిన ప్రాంతం ఇది. ఆడపిల్ల బడికి వచ్చే దారిలో ఇంట్లో ఏది అడ్డుపడుతోందో ఇవాళ కూడా మనం ఇల్లిల్లూ తిరిగి అడగాల్సే ఉంది.

ఇది కల్పించి చెప్పిన బడే. కానీ డెల్టాలో ఇలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే వరద వచ్చిందంటే మునుగుతుంది. సార్వా ఊడ్పుల రోజుల్లో, దాళ్వా కోతల రోజుల్లో హాజరు తగ్గే బడులున్నాయి. భీమవరం వైపు చేపల చెరువుల కాపలాకు వచ్చిన కుటుంబాలు గట్టు మీద గుడిసెల్లోనే ఉంటాయి, పని మారితే పిల్లల బడీ మారుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ అమరావతి నుంచి వచ్చే ఒకే సర్క్యులర్‌తో జవాబు దొరకదు.

ఇక్కడ ఒక చిక్కుంది. టీచరు తన తరగతిలో పరిశోధన చేయడం వేరు, హెడ్మాస్టరు చేయడం వేరు. ఆయన అడిగితే అది ప్రశ్నలా కాక సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది. ‘మీ తరగతిలో ఎంతమంది చదవలేకపోతున్నారు?’ అనగానే ఎదుటి టీచరుకు టెన్షన్ మొదలవుతుంది. ఈ అంకె మండల విద్యాధికారి (ఎంఈవో) దాకా వెళ్తుందా, మెమో వస్తుందా అన్న భయంతో అసలు సంఖ్య కంటే తక్కువే చెబుతారు. తప్పుడు అంకెల మీద ఎంత గొప్ప ప్రణాళిక వేసినా పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు. అందుకే కొత్తగా నేర్చుకుంటున్నవారు మొదటి ప్రశ్నను తమ పని మీదే వేసుకోవాలని మా అభిప్రాయం. తాను వేసిన టైమ్ టేబుల్, తాను నడిపే ప్రార్థన సమావేశం, తాను పెట్టే స్టాఫ్ మీటింగు. వీటిలో ఏది పనిచేయడం లేదో సిబ్బందినే అడిగి, వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల ముందే మార్చి చూపిస్తే, తర్వాత మిగతావారూ తమ తరగతి తలుపులు తెరుస్తారు. ఈ అలవాటు కుర్చీ ఎక్కాక రావడం కష్టం. ఎక్కకముందే రావాలి.

తీరికేది అని హెడ్మాస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. యాప్‌లో హాజరు, యాప్‌లో భోజనం ఫొటో, నెట్‌వర్క్ లేకపోతే మేడ మీదకెక్కి మళ్లీ అప్‌లోడ్. ఈ భారాన్ని తగ్గించకుండా యాక్షన్ రీసెర్చ్ పేరుతో మరో ఫార్మాట్ పంపితే దానికీ బీఈడీ రికార్డు గతే పడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లకూ ప్రధానోపాధ్యాయులకూ ఏడాదికి 50 గంటల వృత్తిపరమైన శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో కొన్నింటిని వీడియోలు చూసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతి నుంచి తప్పించి, సొంత బడిలో చేసే ఈ పనికి లెక్కగట్టవచ్చు. ఇందుకు కొత్త నిధులు అడగనక్కర్లేదు.

చేయించే సంస్థలూ మన దగ్గరే ఉన్నాయి. జిల్లా విద్యా శిక్షణ సంస్థలైన బొమ్మూరు డైట్, దూబచర్ల డైట్ టీచర్లను తయారు చేయడం కోసమే ఏర్పడ్డాయి. పదోన్నతికి దగ్గరలో ఉన్న స్కూల్ అసిస్టెంట్లను ఒక్కో డైట్ అధ్యాపకుడికి కొద్దిమంది చొప్పున అప్పగించాలి. ఆ అధ్యాపకుడు ఏడాదిలో కొన్నిసార్లయినా ఆ బడికి వెళ్లి, రాసుకున్న నోటుబుక్కు చూడాలి. ఫలితం బాగుందా లేదా అన్నదాన్ని బట్టి మార్కులు వేయకూడదు. అనుకున్న మార్పు పనిచేయలేదని నిజాయితీగా రాసినవారికి పదోన్నతిలో నష్టం జరగదని శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ హామీ లేకపోతే ఎవరూ నిజం రాయరు.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ అనుభవాలను చదివించాలి, ఆ ఊరి తల్లిదండ్రుల కమిటీనీ పిలవాలి. జూన్ 12న బడులు తెరిచినప్పుడు ప్రశ్న ఎంచుకుంటే, వరద నెలల్లో హాజరు ఎలా మారుతోందో దగ్గరుండి గమనించవచ్చు. దసరా సెలవుల తర్వాత మొదటి మార్పు, సంక్రాంతి తర్వాత దాని ఫలితాన్ని బట్టి రెండో మార్పు. మార్చి పరీక్షలకు ముందే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. రెండు డైట్‌లూ తమ పరిధిలో ఎవరెవరు ఈ పని చేయబోతున్నారో, ఏ బడిలో ఏ ప్రశ్నతో చేయబోతున్నారో వేసవి సెలవుల్లోనే ప్రకటించాలి.