డిపాజిట్ వదులుకునే దమ్మున్న నాయకుడు

ఈ దేశంలో నేను మనస్ఫూర్తిగా అభిమానించే అభ్యర్థి ఒక్కరే. పేరు కె. పద్మరాజన్. ఊరు తమిళనాడులోని మేట్టూరు, వృత్తి టైర్ల మరమ్మతు. 1988 నుంచి ఎన్నికల బరిలో ఉన్నారు. 2024 లోక్‌సభ ఎన్నికలు వచ్చేనాటికి 238 సార్లు పోటీచేసి, 238 సార్లూ ఓడిపోయారు. ఎన్నికకో మాట, ఏడాదికో కండువా మార్చే కాలంలో ఇంత నిలకడ చూపిన మరో నాయకుడు ఎవరైనా ఉంటే చెప్పండి, నా అభిమానం అటు మళ్లిస్తాను.

తమిళనాడు ఆయనతో మనకేమిటని అడగకండి. దేశంలో ఎక్కడ ఓటు ఉన్నా, ఏ లోక్‌సభ స్థానం నుంచైనా పోటీ చేయవచ్చు. ఆ హక్కుతోనే 1991లో ఆయన నంద్యాల వచ్చారు. ప్రధాని పదవిలో ఉన్న పి.వి. నరసింహారావు అప్పుడు అక్కడి ఉపఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు. ప్రధాన ప్రతిపక్షమే చేతులు కట్టుకున్న చోట మేట్టూరు టైర్ల దుకాణం యజమాని నామినేషన్ వేశారు. పి.వి. 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచి రికార్డు సృష్టించారు. ఆ రికార్డులో ఓడినవారి వాటా ఎంతో చరిత్రకారులు ఇంతవరకు తేల్చలేదు. వాళ్లే లేకపోతే మెజారిటీ ఎక్కడినుంచి వచ్చేది?

ఆ ఎన్నికలో తనను ఎవరో ఎత్తుకెళ్లారని పద్మరాజన్ తర్వాత చెప్పుకున్నారు. నాకు ఒళ్లు పులకరించే ఘట్టం ఇదే. మన శాసనసభ్యులను బస్సులెక్కించి రిసార్టులకు తరలించేది గెలిచిన తర్వాత. గెలవకముందే, గెలిచే ఆశ ఆవగింజంతైనా లేనప్పుడే అపహరణకు అర్హత సాధించిన నాయకుడు ఈయన.

ఇక డబ్బు సంగతి. లోక్‌సభకు డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలు. 1996లో అది 10 వేలయింది, ఇప్పుడు 25 వేలు. ఆ 1996లోనే నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని 480 మంది బరిలోకి దిగారు. అదే ఏడాది డిపాజిట్ పెరిగింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్న నిబంధన వచ్చింది. నీళ్ల సమస్యకన్నా అభ్యర్థుల సమస్య ఎంత త్వరగా పరిష్కారమైందో గమనించారా? అంత కట్టడిలోనూ పద్మరాజన్ వెనక్కి తగ్గలేదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రాకపోతే డిపాజిట్ ప్రభుత్వానికే పోతుంది. గెలిచినవాళ్లు ఖజానా నుంచి ఏమేమి పట్టుకెళ్లారో తేల్చడానికి విచారణ సంఘాలు కావాలి. ఈయన ఖజానాకు ఏమి ఇచ్చారో చెప్పడానికి రసీదులు చాలు.

హామీల జోలికి నేను పోను. గెలవలేదు కనుక ఒక్కటీ తప్పలేదు, అంతే.

ఆయన జీవితంలోనూ ఒక చీకటి రోజు ఉంది. 2011 అసెంబ్లీ ఎన్నికల్లో సొంత మేట్టూరులో ఏకంగా 6,273 ఓట్లు వచ్చిపడ్డాయి. అభిమానులుగా మాకు కలిగిన ఆందోళన మాటల్లో చెప్పలేనిది. అదృష్టవశాత్తు విజయం అప్పటికీ చాలా దూరంలోనే ఉండిపోయింది. గెలిస్తే తనకు గుండెపోటు వస్తుందని ఆయన ఒకసారి నవ్వుతూ అన్నారట. మనవాళ్లకు గుండెనొప్పి ఓడినప్పుడో, అరెస్టు వారెంటు వచ్చినప్పుడో వస్తుంది. ఆరోగ్యం విషయంలోనూ ఎంత తేడా!

వాజ్‌పేయి, మన్మోహన్, మోదీ, రాహుల్... పార్టీ భేదం లేకుండా అందరి మీదా ఆయన పోటీకి దిగారు. 2024లో ధర్మపురి నుంచి టైరు గుర్తు మీద నిలబడ్డారు. ఎన్నికల ముందు తప్ప చేసే పని ఏదీ కనిపించని అభ్యర్థులున్న దేశంలో, తన వృత్తినే గుర్తుగా చూపించగలిగినవారు ఎంతమంది?

ఈసారి ఆయన మా నియోజకవర్గానికి వస్తే పదిమంది ప్రతిపాదకుల్లో మొదటి సంతకం నాదే. జెండా పట్టమన్నా పడతాను, ఎండలో తిరగమన్నా తిరుగుతాను. ఓటు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. పోలింగుకు ముందు రోజు రాత్రి మా వీధిలో కవర్లు పంచేవాళ్లకు పద్మరాజన్ ఎవరో తెలియదు.