కాఫీ ప్యాకెట్‌పై వేయని అంకె

జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా ఏ కొత్త కాఫీ షాపులో చూసినా ఇప్పుడు అరకు పేరే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరుకు గిరాకీ ఇంకా పెరిగింది. ప్యాకెట్ మీద కొండ బొమ్మ, పక్కనే 'షేడ్ గ్రోన్', 'ఎథికల్' ముద్రలు. రైతుకు పండు కిలోకి ఎంత ఇచ్చారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఆ అంకె లేనంతవరకు మిగతా ముద్రలన్నీ ప్రకటనల కిందే లెక్క.

'నీడలో పెరిగింది' అన్న గొప్పనే తీసుకోండి. మన దేశంలో కాఫీ దాదాపు అంతా చెట్ల నీడలోనే పెరుగుతుంది. అడగాల్సింది ఏ చెట్ల నీడ అని. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ త్వరగా ఎదుగుతుంది, మిరియం తీగ పాకడానికి నిటారుగా ఉంటుంది, కలపకూ ధర పలుకుతుంది. అందుకే తోటల నిండా అదే. పనస, మామిడి, నేరేడు కలిసి ఉన్న తోటలో పక్షులకు తిండి దొరుకుతుంది, రాలిన ఆకు త్వరగా మట్టిలో కలుస్తుంది. రెండు రకాల తోటల కాఫీకీ ప్యాకెట్ మీద ముద్ర మాత్రం ఒకటే.

నీడ అందం కోసం పెంచేది కాదు. అరకులో పండే కాఫీ రకం అరబికా. దానికి పెద్ద శత్రువు తెల్ల కాండం తొలుచు పురుగు. ఎండ తగిలే కాండం మీద, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయాక మొక్క పసుపు తిరిగి వాడిపోతుంది, అప్పుడు ఏ మందూ అందదు. తల్లి పురుగులు ఎగిరేది ఏప్రిల్-మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోపే కాండం మీద వదులు బెరడును రుద్ది తీసేయాలి, 200 లీటర్ల నీటికి 20 కిలోల సున్నం కలిపి పట్టించాలి, పురుగు పట్టిన మొక్కను పీకి కాల్చాలి. ఇందులో విషం చుక్క లేదు. ఉన్నదంతా మనిషి శ్రమే. మందు మానేసిన ప్రతిచోటా ఆ భారం కూలి రూపంలో రైతు మీదే పడుతుంది.

కోత కూడా అంతే. పండు ఒకేసారి పండదు. పది పదిహేను రోజులకోసారి, మూడు నాలుగు విడతలుగా ఎర్రటివే ఏరాలి. అదే రోజు పల్పింగ్ చేయాలి, అంటే పండు తొక్క ఒలిచి గింజను వేరు చేయాలి. రాత్రంతా కుప్పగా ఉంచితే పులిసి వాసన పట్టేస్తుంది. గింజ కడిగిన నీళ్లను నేరుగా గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వదిలితే అందులోని చక్కెరలు, జిగురు కుళ్లి నీటిలో ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలు చస్తాయి. గుంటలో నిలవబెట్టి సున్నంతో ఆమ్లం తగ్గించాలి, తొక్కను కంపోస్టుకు పంపాలి. తేమ పది శాతానికి దిగేదాకా పార్చ్‌మెంట్‌ను, అంటే పలుచని పొర ఉన్న గింజను, నేల తగలకుండా వలల మీద తిప్పుతూ ఆరబెట్టాలి. పచ్చిదానికీ పండిన దానికీ ఒకే ధర కడితే ఇవన్నీ ఎవరు చేస్తారు? కొమ్మను దూసి గోనెలో పోయడమే రైతుకు లాభం.

అద్దెలే ప్రాణం తీస్తున్నాయి, ఇంకా ధర పెంచితే కస్టమర్ రాడు అంటారు షాపుల వాళ్లు. అద్దెల మాట నిజమే. కానీ ఒకసారి లెక్క వేయండి. ఒక కప్పుకు వేయించిన గింజ 18 గ్రాములు. వేపుడులో పోయే బరువు కలిపితే పచ్చి గింజ 21 గ్రాములు. కిలో పచ్చి గింజకు సుమారు ఆరు కిలోల పండు కావాలి కాబట్టి కప్పుకు పడేది 130 గ్రాముల పండు. కిలోకి 20 రూపాయలు అదనంగా ఇచ్చినా కప్పు మీద పెరిగేది 2 రూపాయల 60 పైసలు. రెండొందలు దాటిన కప్పుకు ఇదొక భారమా?

సర్టిఫికెట్ ఉందిగా అంటారు. సేంద్రియ గుర్తింపుకు మారాలంటే కాఫీ లాంటి బహువార్షిక పంటకు మూడేళ్లు పడుతుంది. పైగా చిన్న రైతులకు అది గ్రూపు పేరు మీద వస్తుంది. బయట అమ్ముకుంటే ఆ ముద్ర రైతు వెంట రాదు.

అసలు చిక్కు ఇంకా లోతుగా, భూమి దగ్గర ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ బదిలీకీ వీల్లేదు. ఉండకూడదు కూడా, గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1970 నాటి 1/70 చట్టం కాపాడినదాన్ని తాకట్టు పేరుతో తెరిస్తే కొండే మిగలదు. కానీ తాకట్టుకు పనికిరాని పట్టా చేతిలో ఉన్న రైతు ఆగస్టు, సెప్టెంబరుల్లో డబ్బుకు ఎక్కడికి వెళ్తాడు? సంతలో షావుకారి దగ్గరకే. ఆ అప్పు తీర్చడానికే కాయ పండకముందే దూసేస్తాడు. నగరం ఎథిక్స్ గురించి మాట్లాడేదల్లా కప్పు దగ్గర. రైతు చేతులు కట్టేసే ఈ అప్పు ఊసే ఎత్తదు.

రైతుకు న్యాయమైన ధర కోసం పెట్టిన అంతర్జాతీయ గుర్తింపు ఫెయిర్‌ట్రేడ్ నిబంధనల్లో దీనికో దారి ఉంది. రైతు సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా కొనేవాళ్లు ముందే సర్దాలి. గింజ వేయించి అమ్మే హైదరాబాద్ రోస్టర్లు ఆ పని సెప్టెంబరులోనే చేయాలి, పండుకు కట్టిన ధరను ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. కోత నవంబరులో మొదలవుతుంది; డబ్బు అంతకంటే ముందే కొండ మీది రైతుకు చేరాలి.