పెట్రోల్ బిల్లు మీద పన్ను లెక్క ఎందుకు రాయరు?

హోటల్లో రెండు ఇడ్లీ, ఓ కాఫీ తీసుకున్నా బిల్లు కింద సీజీఎస్టీ ఇంత, ఎస్‌జీఎస్టీ ఇంత అని రెండు లైన్లు కనిపిస్తాయి. మందుల షాపులో పారాసెటమాల్ కొన్నా అంతే. మొన్న హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి బంకులో ఐదు వందలకు పెట్రోల్ కొట్టించుకుని, ఎప్పుడూ తీసుకోని స్లిప్ అడిగి తీసుకున్నాను. తేదీ, టైము, నాజిల్ నంబరు, లీటరు రేటు 107.46, పోసింది 4.65 లీటర్లు, మొత్తం 500. అంతే. పన్ను అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. 2025 ఏప్రిల్ పెంపు తర్వాతి లెక్కలో, లీటరు పెట్రోల్ మీద కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం, సెస్సులు అన్నీ కలిపి 21 రూపాయల 90 పైసలు. ఆ సుంకం కూడా కలిసిన ధర మీద తెలంగాణ వేసే అమ్మకం పన్ను, అంటే వ్యాట్, 35.2 శాతం. లీటరుకు దాదాపు 28 రూపాయలు. రెండూ కలిపితే 50 రూపాయలకు పది పన్నెండు పైసలు తక్కువ. నా ఐదు వందల్లో పన్నుకే పోయింది సుమారు 232 రూపాయలు. బంకు యజమానికి దక్కే కమీషన్ లీటరుకు నాలుగు రూపాయల చిల్లర మాత్రమే. ముడి చమురు కొనడం, ఓడల్లో తేవడం, శుద్ధి చేయడం, ట్యాంకర్లలో పంపడం, వీటన్నిటికీ అయ్యేది 53 రూపాయల దాకా. మన ముందు నిలబడి పెట్రోల్ పోసేవాడిని తిట్టుకుంటాం గానీ, అతనికీ ఈ రేటుకూ సంబంధం లేదు.

ఇదివరకు బంకుకు వెళితే ‘రెండు లీటర్లు పొయ్యి’ అనేవాళ్లం. ఇప్పుడు ఆ మాట దాదాపు వినబడదు. ‘వందకు కొట్టన్నా’, ‘రెండొందలకు కొట్టు’ అంటున్నారు. రేటు పెరిగినప్పుడు జేబులోంచి పోయే నోటు మారదు, ట్యాంకులో పడే పెట్రోల్ తగ్గుతుంది. వారానికి రెండుసార్లు బంకుకు వెళ్లినవాడు మూడుసార్లు వెళతాడు. అందుకే ఈ భారం ఒక్కసారిగా తెలియదు, నెలాఖరున ఇంటి ఖర్చుల దగ్గర కూర్చున్నప్పుడు తెలుస్తుంది. బండి మీద రోజుకు నలభై కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి, 45 మైలేజీ వస్తుందనుకుంటే, నెలకు 22 లీటర్లు కావాలి. అందులో పన్నే పదకొండు వందలు. రోజంతా తిరిగి మూడు లీటర్లు కాల్చే డెలివరీ కుర్రాడైతే రోజుకు నూట యాభై రూపాయలు పన్ను కడుతున్నాడు. అతనికి ఆదాయపు పన్ను కట్టేంత జీతం లేదు, నిజమే. కానీ ‘పేదవాళ్లు పన్ను కట్టరు’ అనే వాళ్లు ఒక్కరోజు అతని వెనక సీటు మీద కూర్చుని తిరగాలి.

కార్ల వాళ్ల గొడవ అనుకుంటారు కొందరు. పెట్రోల్ ఎవరు వాడుతున్నారో తెలుసుకోవడానికి చమురు శాఖ కింది పీపీఏసీ కోసం నీల్సన్ సంస్థ చేసిన సర్వే 2014 జనవరిలో బయటికొచ్చింది. దేశంలో అమ్ముడైన పెట్రోల్‌లో 61 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలే తాగాయని అందులో తేలింది. కార్ల వాటా 34 శాతం చిల్లర. పన్నెండు లక్షల కారులో వెళ్లేవాడికీ, ఈఎంఐ మీద కొన్న వంద సీసీ బండి మీద వెళ్లేవాడికీ లీటరు మీద పన్ను ఒకటే.

ఈ పన్ను ఇంత ఎలా పెరిగిందో ఒకసారి చూడాలి. 2010 జూన్‌లో పెట్రోల్ మీద, 2014 అక్టోబర్‌లో డీజిల్ మీద ప్రభుత్వ ధరల నియంత్రణ ఎత్తేశారు. అంతర్జాతీయ రేటు పెరిగితే ఇక్కడ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని అప్పుడు చెప్పిన మాట. 2014 ఏప్రిల్‌లో పెట్రోల్ మీద కేంద్ర ఎక్సైజ్ 9 రూపాయల 48 పైసలు, డీజిల్ మీద 3 రూపాయల 56 పైసలు. ఆ ఏడాది చివర్లో ముడి చమురు రేటు పడిపోవడం మొదలైంది. 2014 నవంబర్ నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిదిసార్లు సుంకం పెంచింది. పెట్రోల్ మీద 21 రూపాయల 48 పైసలకు, డీజిల్ మీద 17 రూపాయల 33 పైసలకు చేరింది. తగ్గాల్సిన రేటులో పెద్ద ముక్క మన దగ్గరికి రాకుండానే ఖజానాకు వెళ్లిపోయింది.

2020లో అదే మళ్లీ జరిగింది. లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా బళ్లు ఆగిపోయి, ఏప్రిల్‌లో మన దేశం కొనే ముడి చమురు పీపా సగటున 20 డాలర్ల దగ్గరికి దిగింది. మార్చిలో 3 రూపాయలు పెంచిన కేంద్రం, మే మొదటి వారంలో పెట్రోల్ మీద ఇంకో 10, డీజిల్ మీద 13 రూపాయలు ఒక్క రాత్రిలో వేసింది. పెట్రోల్ సుంకం 33 రూపాయల దాకా పోయింది. 2014-15లో చమురు మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజ్ 99 వేల కోట్లు. 2020-21లో 3.7 లక్షల కోట్లు పైనే. జనం ఇళ్లలో కూర్చున్న సంవత్సరం అది.

రేటు పెరిగేటప్పుడు మాత్రం మార్కెట్ గుర్తొస్తుంది. అదీ ఎన్నికలు లేనప్పుడే. 2021 నవంబర్ 4 నుంచి 2022 మార్చి 21 దాకా, ఉత్తరప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేవరకు, రోజువారీ మారాల్సిన ధర 137 రోజులు కదల్లేదు. ఆ తర్వాత పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు, ఎక్కువగా 80 పైసల చొప్పున పెంచుకుంటూ 10 రూపాయలు ఎక్కించారు. ఆ ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 119 రూపాయల 49 పైసలు. మే నెలలో కేంద్రం 8 రూపాయల సుంకం తగ్గించింది, అది ఒప్పుకోవాలి. కానీ 2023-24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలు కలిసి దాదాపు 81 వేల కోట్ల లాభం చూపించిన ఏడాదిలో మనకు దక్కింది లీటరుకు 2 రూపాయల తగ్గింపు, అదీ 2024 లోక్‌సభ ఎన్నికల ముందు మార్చిలో. 2025 ఏప్రిల్‌లో ముడి చమురు మళ్లీ నాలుగేళ్ల కనిష్ఠానికి పడితే, సుంకం 2 రూపాయలు పెంచారు. ‘బంకు రేటు మారదు కదా’ అన్నారు. మారాల్సిన రేటు మారకపోవడమే కదా ఇక్కడి బాధ!

ఇప్పుడు ఆ 21.90 లోపలికి వెళ్దాం. ఇందులో అసలు ఎక్సైజ్ సుంకం రూపాయి నలభై పైసలే. మిగతాదంతా ప్రత్యేక అదనపు సుంకం 13 రూపాయలు, రోడ్డు మౌలిక వసతుల సెస్సు 5, వ్యవసాయ సెస్సు రెండున్నర. ఈ పేర్లు ఊరికే పెట్టలేదు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పనిలేదు. పంచేది ఆ రూపాయి నలభైలో 41 శాతం, అంటే 57 పైసలు, దేశంలోని అన్ని రాష్ట్రాలకూ కలిపి. 2026 మార్చి దాకా వర్తించిన పదిహేనో ఆర్థిక సంఘం వాటాల ప్రకారం అందులో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది రెండు పైసల చిల్లర, తెలంగాణకు పైసా చిల్లర. రోడ్డు సెస్సులో కొంత వేరే దారిలో రాష్ట్రాలకు తిరిగొస్తుంది. కానీ అది హక్కుగా వచ్చే వాటా కాదు, ఢిల్లీ మంజూరు చేస్తే వచ్చే డబ్బు.

అలాగని రాష్ట్రాలు పాపం అనుకోవడానికి వీల్లేదు. తెలంగాణ 2015లో పెట్రోల్ మీద వ్యాట్ 31 నుంచి 35.2 శాతానికి, డీజిల్ మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం, పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. ఆ 4 రూపాయలు 2015లో ఒక ప్రభుత్వం వేసింది, 2018లో అదే ప్రభుత్వం ఎన్నికల ముందు సగం తగ్గించింది, 2020లో తర్వాతి ప్రభుత్వం మళ్లీ నాలుగుకు చేర్చి సెస్సు కలిపింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీకీ పెట్రోల్ రేటు గుర్తుంటుంది.

శాతంగా వ్యాట్ వేయడంలోనే పెద్ద అన్యాయం ఉంది. కేంద్రం వేసిన సుంకాన్ని కూడా కలుపుకున్న ధర మీద రాష్ట్రం పన్ను వేస్తుంది. 21.90 సుంకం మీద తెలంగాణకు వచ్చే వ్యాట్ ఏడున్నర రూపాయల పైనే. పన్ను మీద పన్ను అంటే ఇదే. రేటు 119 దాటినప్పుడు రాష్ట్రానికి లీటరుకు 31 రూపాయలు వచ్చాయి, ఒక్క పైసా పెంచామని చెప్పాల్సిన అవసరం లేకుండా. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రాలు వ్యాట్ తగ్గించలేదని ప్రధాని తెలుగు రాష్ట్రాల పేర్లు కూడా చెప్పి తప్పుబట్టారు. మేం 2015 నుంచి పెంచనే లేదు, పెంచింది మీరే అని తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ గట్టిగా బదులిచ్చారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. మన పక్షాన మాట్లాడింది మాత్రం ఎవరూ లేరు.

మాది కోనసీమలో మురమళ్ల దగ్గర. సంక్రాంతికి ఊరెళితే ఒక సంగతి ప్రతిసారీ కనిపిస్తుంది. ఎదుర్లంక దగ్గర గోదావరి వంతెన ఎక్కే బళ్లలో కొన్నిటి హ్యాండిల్‌కు ఖాళీ క్యాన్లు వేలాడుతుంటాయి. అవతలి గట్టు యానాం, పుదుచ్చేరి కిందికి వస్తుంది. అదే గోదావరి, అదే ట్యాంకర్లు తెచ్చే పెట్రోల్, కానీ లీటరుకు పది రూపాయలకు పైనే తక్కువ. పెళ్లికి పూలు తేవడానికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, మా బాబాయి ట్యాంకు నింపుకోకుండా వంతెన దిగడు. ‘ఒరేయ్, ఈ వంతెన దాటినందుకే నాకు నెలకు ఓ గ్యాస్ బండ మిగులుతుందిరా’ అంటాడు. చిత్తూరు, హిందూపురం వైపు లారీల వాళ్లు కర్ణాటకలోకి వెళ్లి ట్యాంకు నింపుకొని వస్తారు, డీజిల్‌లో ఐదారు రూపాయల తేడా ఉంటుంది కాబట్టి. సరిహద్దులో మన వైపు బంకులు ఈగలు తోలుకుంటున్నాయి. ఎక్కువ పన్ను వేసి రాష్ట్రం పోగొట్టుకునే డబ్బు ఇది.

మా ఊళ్లో డీజిల్ ఆటో నడిపే ఒకతనితో ఈసారి కూర్చుని లెక్క వేశాను. రోజుకు ఐదు లీటర్లు. ఆంధ్రలో లీటరు డీజిల్ మీద రాష్ట్రానికి వెళ్లేది 21 రూపాయల పైమాటే. నెలకు పాతిక రోజులు తిరిగితే రాష్ట్రానికి 2,600 దాటి కడుతున్నాడు. మహిళలకు ఉచిత బస్సు వచ్చాక ఆటోవాళ్లకు గిరాకీ తగ్గిందని 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం ఏడాదికి 15 వేలు వేసింది. అతనికీ పడ్డాయి, సంతోషించాడు. ఆ 15 వేలు ఆరు నెలలు తిరక్కుండానే డీజిల్ పన్నుగా వెనక్కి వెళ్లిపోతాయని కాగితం మీద చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘అయితే ఇది నా డబ్బేనా అండీ?’ అన్నాడు.

రోడ్డు పేరుతో కట్టేది ఇంకో కథ. బండి కొన్నరోజు లైఫ్ ట్యాక్స్. బంకులో కేంద్రానికి రోడ్డు సెస్సు 5, ఆంధ్రలో అయితే రాష్ట్రానికి ఇంకో రూపాయి. హైవే ఎక్కితే టోల్, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ఒక్కొక్క గేటు దగ్గరా కట్టాలి. ఏటా ఏప్రిల్ 1న టోల్ రేట్లు సవరిస్తారు. మూడు వేల వార్షిక పాసు 2025 ఆగస్టులో తెచ్చారు, తరచూ వెళ్లే కార్ల వాళ్లకు అది ఊరటే. కానీ లారీకి, ట్యాక్సీకి అది వర్తించదు. లారీ ఓనరు టైర్ల మీద కట్టిన జీఎస్టీ లెక్క చూపించుకునే దారులున్నాయి గానీ, జీఎస్టీలోకి రాని డీజిల్ మీద కట్టిన పన్నుకు ఏ దారీ లేదు. ఆ బరువంతా కూరగాయల బుట్ట మీదికే వస్తుంది.

ఇథనాల్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వాడితే, దానికోసం తయారు చేయని బళ్లకు మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం అని. కాబట్టి రేటు తక్కువ ఉండాలనీ అందులోనే ఉంది. ఇథనాల్ కలిసింది, రేటు తగ్గలేదు.

పన్ను అసలు వద్దని నేను అనను. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో సొంతంగా మిగిలినవి ముఖ్యంగా చమురు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. పింఛన్లు, ఆసుపత్రులు నడవాలంటే అవీ కావాలి. పెట్రోల్ ఖరీదైతే జనం బండి మాని బస్సెక్కుతారు, గాలి బాగుపడుతుంది అనే వాదనలోనూ బలం ఉంది. కానీ ఎక్కడానికి బస్సు ఉండాలి కదా! హైదరాబాద్‌లో 69 కిలోమీటర్ల మెట్రో దాటి బయట ఉన్న కాలనీల వాళ్లకు సొంత బండి తప్ప ఇంకో దారి లేదు. ఆ మెట్రో గరిష్ఠ ఛార్జీ కూడా 2025 మేలో 60 నుంచి 69 రూపాయలైంది.

పెట్రోల్, డీజిల్‌ను జీఎస్టీలోకి తెస్తే అన్నీ తీరతాయనే వాళ్లున్నారు. ఎప్పటి నుంచి తేవాలో సిఫార్సు చేసే పని రాజ్యాంగమే జీఎస్టీ కౌన్సిల్‌కు ఇచ్చింది. కేరళ హైకోర్టు అడిగిందని 2021 సెప్టెంబర్‌లో లక్నో సమావేశంలో చర్చించి, ఇప్పుడు కాదని ముగించారు. కేంద్రం, రాష్ట్రాలు ఒకే మాట మీద నిలబడిన కొద్ది సందర్భాల్లో అదొకటి. దానికోసం ఎదురుచూస్తూ కూర్చునే కన్నా, వెంటనే చేయగలిగినవి అడుగుదాం. వ్యాట్‌ను శాతంగా కాకుండా లీటరుకు ఇన్ని రూపాయలని నిర్ణయించాలి, అప్పుడు ముడి చమురు మండినప్పుడు ఖజానా నిండదు. రోడ్డు సెస్సు వేసేవాళ్లు జిల్లాలవారీగా ఏ రోడ్డుకు ఎంత పెట్టారో ఏటా చెప్పాలి.

వీటన్నిటికన్నా ముందు ఆ స్లిప్. నాజిల్ నంబరు రాయగల మిషను ఇంకో రెండు లైన్లు రాయలేదా? కేంద్రానికి 101 రూపాయల 84 పైసలు, రాష్ట్రానికి 130 రూపాయల చిల్లర. నా ఐదు వందల బిల్లు మీద ఉండాల్సినవి ఆ రెండు లైన్లే. కొత్త చట్టం, కొత్త ఖర్చు ఏమీ అక్కర్లేదు, మిషనులో చిన్న మార్పు చాలు. మీరూ ఈసారి బంకుకు వెళ్లినప్పుడు స్లిప్ అడిగి తీసుకోండి.