మాడిన మేపుల్‌కు ముందు నీరు, నీడ

కుండీలోని జపాన్ మేపుల్ (అందమైన ఆకుల కోసం పెంచే చెట్టు) ఆకులు ఎండకు మాడితే వెంటనే కొమ్మలు కత్తిరించి ఎరువు వేయాలని ఒక వ్యాసంలో చదివిన సలహాతో ఏకీభవించలేను. నీరందక వేరు కొసలు చచ్చిన మొక్కకు ఎరువు వేస్తే మట్టిలో లవణాలు పెరిగి మిగిలిన వేర్లు కూడా దెబ్బతింటాయి. బెరడును గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్టు, దాన్ని కత్తిరించకూడదు.

బాగా ఎండిన మట్టి కుండీ అంచుల నుంచి విడిపోతుంది కనుక, పైన పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రం గుండా వెళ్లిపోతాయే తప్ప వేర్లకు అందవు. అందుకే కుండీని నీళ్ల తొట్టిలో బుడగలు ఆగేదాకా ముంచి, తర్వాత నీరంతా ఓడిపోనివ్వాలి.

సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న మా కొరాపుట్‌లో ఈ చెట్టుకు కావలసిన శీతాకాలపు చలి కొంతైనా దొరుకుతుంది. తక్కువ ఎత్తులో ఉన్న పర్లాకిమిడి, బరంపురం వారికి ఆ వెసులుబాటు లేదు, వారు ఈ చెట్టు కొనేముందు ఆలోచించుకోవాలని నా అభిప్రాయం. ఎక్కడైనా సరే, వేసవిలో నల్ల ప్లాస్టిక్ కుండీ కాగి వేర్లను ఉడికించేస్తుంది కాబట్టి, దానికి తడి గోనెపట్టా చుట్టి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు వసారాలో ఉంచండి.